చేతులు కట్టుకుని నేర్చుకో

పోయిన ఎండాకాలం ఎమ్మిగనూరు నుంచి ఒక అమ్మాయి ఆదోనిలో మా ఇంటికి వచ్చింది. బడిలో లెక్కలు చెబుతుంది, ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తుంది. సంచిలోంచి పొడుగాటి డబ్బా తీసి, అందులోని సన్నటి తెల్ల పుల్లను రెండు వేళ్లతో పట్టుకుని చూపించింది. "సార్, నేను ఆర్కెస్ట్రా కండక్టర్ కావాలి" అంది. మా వైపు కండక్టర్ అంటే బస్సులో టికెట్లు కొట్టే ఆయన. ఆర్కెస్ట్రా అంటే వినాయక చవితి పందిట్లో సినిమా పాటలు పాడే బృందం. ఆ మాటలకు ఇంకో అర్థం ఉందనీ, డెబ్భై ఎనభై మంది వాద్యగాళ్ల ముందు ఒక మనిషి ఏ వాద్యమూ పట్టకుండా నిలబడి అందరినీ ఒక్క ఊపిరి మీద నడిపిస్తాడనీ తెలిసిన పిల్ల మా పక్కూళ్లోనే ఉందంటే నాకు ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు.

ఆమెకు సలహాలు అప్పటికే చాలా అందాయి. చెన్నైలో చేరమని ఒకరు, పుల్ల పట్టుకుని రోజూ అద్దం ముందు గంట సాధన చెయ్యమని ఇంకొకరు, ముందు మంచి వాద్యగాళ్లను పోగుచేసుకోమని మరొకరు చెప్పారట. నేను చెప్పినవన్నీ వాటికి అడ్డం తిరిగినవే. "చదువుకున్న పిల్లను కూర్చోబెట్టుకుని ఏం మాటలవి?" అని మా ఇంట్లోనే కోప్పడ్డారు. అయినా ఒక్కటీ వెనక్కి తీసుకోలేదు. ముప్పై అయిదేళ్లు పల్లె నాటకాలకు హార్మోనియం పట్టాను, పెళ్లిళ్లకు బృందం నడిపాను. సింఫనీ నడిపినవాణ్ని కాను. ఇరవై మంది చేత ఒకేసారి ఊపిరి పీల్పించడం ఎంత కష్టమో మాత్రం నా ఒంటికి తెలుసు. ఆమెతో చెప్పినవే, ఆ దారిన పోవాలనుకునే ఇంకో పిల్లకో పిల్లవాడికో పనికొస్తాయని రాస్తున్నాను.

పుల్లను బీరువాలో పెట్టు

మొదటి ఏడాది చేతులు ఊపనే ఊపొద్దు. అద్దం ముందు అసలే వద్దు. అద్దంలో నిన్ను నువ్వు చూసుకుంటావు. బృందంలో నిన్నెవరూ అలా కళ్లారా చూడరు. వాళ్ల కళ్లు కాగితం మీద ఉంటాయి, చెవి పక్కవాడి మీద ఉంటుంది, నువ్వు కంటి కొసలో మెదులుతావు. అంతే. ఆ కంటి కొసకు నీ చేతి అందం అక్కర్లేదు, నీ ఊపిరి ఎప్పుడు మొదలైందో తెలిస్తే చాలు. స్టొకోవ్‌స్కీ, బూలెజ్ లాంటి మహానుభావులు ఉత్త చేతులతోనే ఆర్కెస్ట్రాలు నడిపారు. 1687లో పారిస్‌లో లూలీ అనే ఆస్థాన సంగీతకారుడు బరువైన కర్రతో నేలకు కొట్టి తాళం వేస్తూ తన కాలిమీదే కొట్టుకున్నాడు. పుండు కుళ్లి ప్రాణమే పోయింది. చేతిలో కర్ర ఉంటే గట్టిగా కొట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. అనిపించని రోజు వచ్చాక పుల్ల బయటికి తియ్యి.

మరి ఆ ఏడాది ఏం చెయ్యాలి? పెళ్లిళ్లకు పో. యాభై పెళ్లిళ్లకు పో. పెళ్లికూతురి వైపు కాకుండా డోలు వాయించే ఆయన పక్కన నిలబడు. సన్నాయి ఏదో రాగం తీరుబడిగా సాగదీస్తూ ఉంటుంది. ముహూర్తం దగ్గర పడుతుంది. పురోహితుడు మంత్రం చదువుతూనే చెయ్యి పైకెత్తి "గట్టిమేళం" అంటాడు. డోలూ సన్నాయీ ఉన్న చోటే తెగి, మరుక్షణం హోరుమంటాయి. ఆ మరుక్షణం ఎలా వచ్చిందో చూడు. పురోహితుడి చెయ్యి లేవకముందే డోలు కర్ర గాల్లో ఉంటుంది. డోలు ఆయన చేతిని చూసి కొట్టడం లేదు. మంత్రం చివర పురోహితుడి గొంతు ఎక్కడ బిగుస్తుందో, భుజం ఎప్పుడు కదులుతుందో విని, చూసి, ముందే సిద్ధమై ఉన్నాడు. చెయ్యి ఎత్తాలా వద్దా అని సందేహించే పురోహితుడు ఉంటాడు. ఆ పెళ్లిలో మేళం చెదిరిపోతుంది, సన్నాయి ఒక దారి, డోలు ఒక దారి. మన సంగీతంలో తాళానికి ముందో వెనకో మొదలయ్యే ఎత్తుగడలు ఎన్ని ఉన్నా, ఎత్తుకునే క్షణానికి ముందుండే ఆ నిశ్శబ్దాన్ని నేర్పే బడి గట్టిమేళమే. పడమటి దేశాల కండక్టర్లు జీవితమంతా సాధన చేసేది కూడా దీన్నే. దెబ్బకన్నా ముందుండే ఖాళీ కదలికలోనే వేగమూ, బలమూ, మెత్తదనమూ అన్నీ చెప్పెయ్యాలి. శబ్దం పుట్టాక చెప్పడానికి ఏమీ మిగలదు.

నేను ఇది తెలుసుకోవడానికి పదేళ్లు పట్టింది. ఆ పదేళ్లూ ఊరికే చేతులు తిప్పాను.

రైలెక్కొద్దు

ఆదోని స్టేషన్ ముంబై–చెన్నై రైలు దారి మీద ఉంది. ఒక దిక్కు ఎక్కితే ముంబై. అక్కడ 2006లో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా ఉంది. ఇంకో దిక్కు ఎక్కితే చెన్నై. అక్కడ రెహమాన్ 2008లో పెట్టిన కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ ఉంది. ఇన్ని వసతులు రైలు దూరంలో పెట్టుకుని ఇక్కడ కూర్చోమనడం మూర్ఖత్వంలా వినిపిస్తుంది. అయినా అంటాను. అయిదేళ్లు ఇక్కడే ఉండు.

కండక్టర్ జుబిన్ మెహతా పేరు చెబుతారు. ఆయన 1936లో బొంబాయిలో పుట్టాడు, వైద్యం చదువు మానేసి 1954లో వియన్నా పోయాడు, 1958లో లివర్‌పూల్‌లో కండక్టర్ల పోటీ గెలిచాడు. నిజమే. ఆయన తండ్రి మెహ్లీ మెహతా 1935లోనే బొంబాయి సింఫనీ స్థాపించినవాడని కూడా చెప్పాలి కదా. ఓడ ఎక్కేనాటికి ఆ కుర్రాడి చెవుల్లో పద్దెనిమిదేళ్ల ఆర్కెస్ట్రా ఉంది. ఆయన మోసుకుపోయిన మూట అది. నీ మూటలో ఏముంది? ఖాళీ చెవులతో రైలెక్కితే అక్కడివాళ్లు నింపిందే నిండుతుంది. ముందు ఇక్కడున్నది నింపుకో.

ఎమ్మిగనూరులో ఏముందని ఆ అమ్మాయి అడిగింది. వాళ్ల తాత నేతగాడు. 1938లో మాచాని సోమప్ప నిలబెట్టిన చేనేత సహకార సంఘంతో దేశమంతా పేరుపడిన ఊరు అది. సోమప్పకు 1954లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు మగ్గాలు తగ్గిపోయాయి. అయినా నాలుగైదు మగ్గాలు ఒకే చూరు కింద ఆడే ఇల్లు వెతికితే దొరుకుతుంది. అక్కడికి పోయి అరుగు మీద కళ్లు మూసుకుని కూర్చో. కాలు తొక్కుతుంది, తాడు లాగితే నాడె దూకుతుంది, పన్నె వచ్చి పేకను దగ్గరికి కొడుతుంది. ఒక్కో మగ్గానికి ఒక్కో నడక. మొదటిరోజు అంతా ఒక్కటే టకటకలా వినిపిస్తుంది. వారానికి రెండు విడిపోతాయి. నెలకు నాలుగూ నాలుగు గొంతులవుతాయి. ఒక మగ్గం మీద పడుగు పోగు తెగితే నేతగాడు ఆగుతాడు. ఏ మగ్గం ఆగిందో, కళ్లు తెరవకుండా, ఎన్ని దెబ్బల తర్వాత చెప్పగలవో లెక్కపెట్టుకో. రెండో దెబ్బకే చెప్పగలిగిన రోజు, వయోలిన్ల వెనక వరుసలో ఒకామె విల్లు ఆపేసినా నీకు తెలిసిపోతుంది. ఈ సాధన ఏ కన్సర్వేటరీలోనూ లేదు. ఆ ఇల్లు మాత్రం ఇంకో పదేళ్లకు ఉంటుందో లేదో. అందుకే అయిదేళ్లు ఇప్పుడే ఉండమంటున్నాను.

పీర్ల పండగ రాత్రి ఏ పల్లెకైనా పో. డప్పులు కాచే మంట దగ్గర కూర్చో. చర్మాన్ని మంటకు చూపించి, వేలితో మీటి, మళ్లీ చూపిస్తారు. వెయ్యిమంది కూర్చున్న హాల్లో ఓబో వాద్యం ఇచ్చే ఒక్క స్వరానికి అందరూ తీగలు బిగించుకోవడం ఎంతటి పనో ఇదీ అంతటి పనే. మంచు పడేకొద్దీ చర్మం సడలుతుంది, గొంతు దిగుతుంది, ఆడుతూ ఆడుతూనే ఒకరి తర్వాత ఒకరు మంట దగ్గరికి వచ్చిపోతుంటారు. మేళం ఆగదు. ఎవరు ఎప్పుడు వెళ్లాలో ఎవరూ చెప్పరు. వాద్యం ఎప్పుడు అలసిపోతుందో వాయించేవాడికన్నా ముందు నీకు తెలియాలి. అక్కడ ఇంకో మాట. అందరిలోకీ బాగా వాయించేవాడి పక్కన నిలబడాలనిపిస్తుంది. నిలబడొద్దు. కొత్తగా డప్పు పట్టిన పిల్లవాడి పక్కన నిలబడు. వాడు ఎక్కడ జారతాడో, జారినవాణ్ని పెద్దవాళ్లు మాట లేకుండా ఎలా లోపలికి లాక్కుంటారో అదంతా అక్కడే కనిపిస్తుంది.

నాటకం మాస్టర్ దగ్గర చేరు

దీనికే అందరూ ఎక్కువ కోప్పడ్డారు. హార్మోనియం పెట్టె మోసుకుని పల్లెలు తిరగడానికా లెక్కల టీచరమ్మ? అవును, అందుకే.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని బళ్లారి జిల్లాలో ఉండేది. బళ్లారి అంటే ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్లారి రాఘవ. తెలుగు నాటకానికి పాటనూ గొంతునూ ఇచ్చిన గడ్డ. ఆ నీళ్లు మా పల్లెల దాకా పారాయి. కోతలయ్యాక ఊళ్లో కొందరు రైతులూ కూలీలూ కలిసి నాటకం కడతారు. పట్నం నుంచో పక్కూరి నుంచో మాస్టర్‌ను పిలిపించుకుంటారు. ఆయన రెండు మూడు నెలలు ఆ ఊళ్లోనే తిని, పడుకుని, చదువురానివాళ్లకు కూడా నోటితోనే వందల పద్యాలు నేర్పుతాడు. ప్రదర్శన రోజు స్టేజి ముందు పక్కగా హార్మోనియం పెట్టుకుని కూర్చుంటాడు. ఆయన వీపు జనానికి, ముఖం పాత్రలకు. ఆ కూర్చున్న తీరు చూస్తేనే నీకు అర్థం కావాలి ఆయనెవరో.

పాటకు తాళం ఉంటుంది, అది ఎవరినైనా మోసుకుపోతుంది. పద్యానికి తాళం లేదు. కృష్ణుడు ఎక్కడ సాగదీస్తాడో, ఎక్కడ ఊపిరి అందక తెంచుతాడో, వన్స్‌మోర్ అనగానే రెండోసారి ఇంకెంత పైకి పోతాడో ముందే చెప్పేవాడు లేడు. మాస్టర్ అతని పెదవుల్నీ గుండెల్నీ చూస్తూ వెంటే పోతాడు. ముందుకు పోతే పాత్రను లాగినట్టు, వెనకబడితే వదిలేసినట్టు. అర్జునుడిది నాలుగు శ్రుతి అయితే దుర్యోధనుడిది అయిదున్నర. ఒకరు లోపలికి పోతుంటే, ఇంకొకరు తెర వెనక నుంచి రాకముందే, వాళ్ల శ్రుతి గాల్లో సిద్ధంగా ఉండాలి. మూడో పాదం మరిచిపోతే ఆ పాదం స్వరాలు హార్మోనియం మీద మెత్తగా మీటాలి. మాట దానంతటదే నోటికి వస్తుంది. పెద్ద పెద్ద ఆపెరా థియేటర్లలో గాయకుల వెంట ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్ చేసేది ఇదే. మూడు సీజన్లు మాస్టర్ పక్కన కూర్చో. మొదటి సీజన్ పెట్టె మొయ్యి, తబలా సంచి మొయ్యి. అడిగితేనే వాయించు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. కౌతాళం దిక్కు ఒక పల్లెలో కురుక్షేత్రం. నాకు అప్పుడు ఇరవై ఆరేళ్లు, మాస్టర్‌గా రెండో నాటకం. దుర్యోధనుడు వేసినాయన పగలు పత్తి మోసి వచ్చాడు. పద్యం నడుమ మాట తప్పాడు. నేను తలెత్తి ఆయన ముఖంలోకి కోపంగా చూశాను. అంతే. ఆయన నోరు కట్టుబడిపోయింది. తర్వాత వచ్చిన కర్ణుడు కూడా పద్యం పద్యానికీ నా ముఖం చూసుకుంటూ పాడాడు. తెల్లవారేదాకా నాటకం ఆడారు గానీ అది నాటకం కాదు, నేను పెట్టిన పరీక్ష. ఆయన మళ్లీ వేషం కట్టలేదు. తప్పు చేసినవాడి వంక చూడొద్దు. ఆ క్షణంలో సరిగ్గా వాయిస్తున్నవాడి వంక చూడు, నవ్వు. తప్పు చేసినవాడికి తన తప్పు నీకన్నా ముందే తెలుసు. ఇది ఎవరూ నమ్మరు. తప్పు కనిపెట్టానని చూపకపోతే మనల్ని ఎవరు గౌరవిస్తారని అడుగుతారు. ఆ దుర్యోధనుడి ముఖం నేను చూశాను కాబట్టి చెబుతున్నాను.

బాగా వాయించేవాణ్ని వదిలెయ్యి

బృందం కట్టే రోజు వస్తుంది. గొప్పగా వాయించి రిహార్సల్‌కు రానివాణ్ని వదిలెయ్యి. ఓ మోస్తరుగా వాయిస్తూ రోజూ వచ్చేవాణ్ని పట్టుకో. సుగ్గి సంగతి మాత్రం తెలుసుకుని ఉండు. ఆదోని, కోసిగి, మంత్రాలయం దిక్కు పల్లెల్లో వానలు సరిగా లేని ఏడాది ఊళ్లకు ఊళ్లు సుగ్గికి, అంటే కూలి పనులకు వలస, పోతాయి. గుంటూరు దిక్కు మిరప తోటలకు, బెంగళూరుకు. నీ డోలక్ ఆయనా పోతాడు. అప్పుడు ఇంకొకణ్ని పెట్టుకోమంటారు. పెట్టుకోవద్దు. ఆ కుర్చీ ఖాళీగా ఉంచి, ఉన్నవాళ్లతో వాయించు. తిరిగొచ్చినప్పుడు అతని కుర్చీ అతనికి కనిపించాలి.

ఈ మాట నా సొంతం అనుకునేవాణ్ని. తర్వాత హైడన్ అనే పడమటి సంగీతకారుడి గురించి తెలిసింది. 1772లో ఆయన ఏ యువరాజు కొలువులో ఉన్నాడో ఆ యువరాజు వేసవి భవనం వదిలి కదలడం లేదు, వాద్యగాళ్లు నెలల తరబడి పెళ్లాం బిడ్డలకు దూరంగా ఉన్నారు. హైడన్ 45వ సింఫనీ రాశాడు. చివరి భాగంలో ఒక్కొక్కరే తమ వంతు ముగించి, కొవ్వొత్తి ఆర్పేసి వెళ్లిపోతారు. ఆఖరికి ఇద్దరు వయోలిన్ వాళ్లే మిగులుతారు. యువరాజుకు సంగతి అర్థమైంది, అందరినీ ఇళ్లకు పోనిచ్చాడు. సుగ్గికి పోయిన వాళ్ల ఖాళీ కుర్చీలు చూసిన నాకు అది విన్నప్పుడు కళ్లు చెమ్మగిల్లాయి.

నువ్వు మొదట నేర్చుకునే స్కోరు, అంటే స్వరాల ప్రతి, ఆ సింఫనీదే కావాలి. చదవొద్దు, రాయి. రెండు నిమిషాల్లో ప్రింటు తీసుకునేదాన్ని చేత్తో రాయమంటే కాలం వృథా అంటారు. వృథా కానివ్వు. ఒక్కో వాద్యం వరుసనూ రాస్తూ నోటితో పాడు. ఓబో, కొమ్ము వాద్యాలు, అడుగున సెల్లో, బేసు, అన్నీ. చెక్కభజన గురువును చూశావా? ముందు తాను పాడి, అడుగు వేసి చూపించనిదాన్ని ఎవరి చేతా చేయించడు. కాగితం నిండేసరికి ఆ సింఫనీ నీ గొంతులో ఉంటుంది.

కింది కుర్చీ అడుగు

తర్వాత గొప్ప కండక్టరైన టొస్కనీనీ 19 ఏళ్ల వయసులో సెల్లో వాయించేవాడిగా రియో డి జనీరో పోయాడు. 1886 జూన్ 30 రాత్రి, కండక్టర్ల గొడవ ముదిరి జనం అరుస్తుంటే, తోటి వాద్యగాళ్లు ఇతన్ని ముందుకు తోశారు. ఆయిదా ఆపెరా మొత్తం కాగితం చూడకుండా నడిపించాడు. వాద్యాల మధ్య కూర్చుని రోజూ వింటూ పట్టుకున్న జ్ఞాపకం అది. వియన్నాలో మెహతా, అబ్బాడో ఇద్దరూ పెద్ద కండక్టర్ల రిహార్సళ్లు చూడ్డానికి బయటివాళ్లను రానివ్వరని, బృందగానంలో గాయకులుగా చేరిపోయారు. మన ఈమని శంకరశాస్త్రి ద్రాక్షారామంలో పుట్టి వీణ పట్టుకుని, మద్రాసు జెమినీ స్టూడియోలో పనిచేసి, రేడియోలో చేరి, ఆ తర్వాతే ఢిల్లీ ఆకాశవాణి వాద్యబృందాన్ని నడిపించారు. 1952లో రవిశంకర్ లాంటివాళ్లు మొదలుపెట్టిన బృందం అది. గమకం కాగితానికి లొంగదు కాబట్టి, అలాంటి బృందాన్ని నడిపేవాడికి ప్రతి వాద్యం గొంతూ తన గొంతులో ఉండాలి. కింది కుర్చీలో కూర్చోకుండా అది రాదు.

అందుకే నీ బృందంలో అప్పుడప్పుడు నువ్వే జాల్రా పట్టుకో. ముందు ఇంకొకరిని నిలబెట్టు.

డబ్బు

మొదటి మూడేళ్లు నీకు రూపాయి మిగలనివ్వొద్దు. మిగిలిందంటే ఎవరికో తక్కువ ఇచ్చావు. బయానా తీసుకున్న రోజే సగం పంచెయ్యి, మిగతా సగం కార్యక్రమం అయిన రాత్రే, బండి కదలకముందే, చేతిలో పెట్టు. రేపు ఇస్తానన్న మాట ఎప్పుడూ వద్దు. ఆషాఢంలో, మూఢాల్లో పెళ్లిళ్లుండవు. ఆ రోజుల్లోనే రిహార్సల్ పెట్టు, అన్నం నువ్వే పెట్టు. బడి ఉద్యోగం వదలొద్దు. అది నీ అన్నానికి కాదు, వాళ్ల అన్నానికి. ఇంతకన్నా ఈ విషయంలో చెప్పేదేమీ లేదు.

ఆపడం

లేస్తూ ఆ అమ్మాయి ఒక ప్రశ్న అడిగింది. "మొదలుపెట్టడం సరే సార్, అందర్నీ ఒకేసారి ఆపడం ఎలా? మా కోయిర్‌లో చివరి స్వరం ఎప్పుడూ చెదిరిపోతుంది."

దానికి పుస్తకం వెతకొద్దన్నాను. ఏటా జనవరిలో మీ ఎమ్మిగనూరులోనే నీలకంఠేశ్వరస్వామి జాతర. తేరు లాగే రోజు అందరూ పైన గోపురం చూస్తారు, లేదా మోకు పట్టుకున్న జనాన్ని చూస్తారు. నువ్వు చక్రం పక్కన చూడు. చేతిలో చెక్క మొద్దు పట్టుకుని చక్రంతో పాటు నడిచే మనుషులుంటారు. లాగేవాళ్లకు వాళ్లు కనిపించరు, వాళ్ల మాట వినిపించదు. తేరు ఎంత జోరులో ఉందో కాళ్ల కింది అదురును బట్టి కొలుచుకుంటూ పోతారు. మొద్దు ముందుగా వేస్తే తేరు కుదుపుకుంటుంది, ఆలస్యమైతే జనం మీదికి పోతుంది. వేసే ముందు ఆ మనిషి కొంచెం వంగి, మొద్దును చక్రం పక్కనే రెండు మూడు అడుగులు నడిపిస్తాడు. ఆ రెండు మూడు అడుగులు చూడు. మధ్యాహ్నమే వచ్చి చోటు చూసుకో, సాయంత్రానికి చక్రం దగ్గరికి ఎవర్నీ రానివ్వరు. పుల్ల ఇంట్లోనే పెట్టి రా.